కంటిలో పందిరి

ఆ ఆసుపత్రిలో రోగులకంటే గుడ్లే ఎక్కువ.

గేటు దాటగానే కుడిపక్క పొడుగాటి రేకుల గది ఉండేది. అందులో అరలు అరలుగా గుడ్లు, సన్నగా హోరుమనే యంత్రాలు వాటిని వెచ్చగా పొదుగుతూ ఉండేవి. అనపర్తి చుట్టుపక్కలంతా కోళ్లఫారాలే కాబట్టి గుడ్లకి కొదవలేదు. కంటిలోపలి పొర ఎలా తయారవుతుందో పరిశోధించే డాక్టర్ ఇందుమతి, పట్నం వదులుకుని ఏరికోరి ఇక్కడికి వచ్చింది కూడా ఆ గుడ్ల కోసమే.

"ఇన్ని గుడ్లు పెట్టుకుని ఒక్కపూటైనా పులుసు వాసన రాదేంటే ఈ కొంపలోంచి?" అంది పేరంటాలమ్మ, వచ్చిన రోజే, మనవరాలి చెయ్యి పట్టుకుని నడిపిస్తూ.

"అవి తినేవి కాదమ్మమ్మా. వాటితో కంటిమందు చేస్తారంట."

"అయితే నాటువా, ఫారంవా? మందుకి నాటుగుడ్లే మంచివి. అడుగోసారి."

భ్రమర అడగలేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఆ పిల్లకి మహా బెరుకు. చిన్నప్పటినుంచీ ఆమె చూపు అంచులనుంచి లోపలికి చీకటి పడుతూ వచ్చింది. పదహారేళ్లు వచ్చేసరికి పొయ్యి ఊదే గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త గుండ్రటి వెలుగు మాత్రం మిగిలింది. బడిలో ఒక్కో అక్షరం మీద ఆ గొట్టాన్ని జరుపుకుంటూ చదివేది. ఆటల్లో ఎవరినో ఒకరిని గుద్దుకుంటుంటే పిల్లలు నవ్వారు, తరవాత పిలవడం మానేశారు. అమ్మమ్మ ముఖం కూడా ఆమె ఎన్నడూ ఒక్కసారిగా చూసింది లేదు. ముక్కుపుడక ఒకసారి, సాగిన చెవితమ్మె ఒకసారి, చుట్ట పొగకి నల్లబడిన పెదవి ఒకసారి చూసి, మనసులో అన్నీ కలిపి కుట్టుకునేది.

అమ్మానాన్నలిద్దరూ కోనసీమ చివర రొయ్యల షెడ్డులో పని. వరసగా సెలవు పెడితే పని ఉండదు. అందుకని తోడు వచ్చింది ముసలావిడే.

మర్నాడు డాక్టర్ ఇందుమతి భ్రమరని ఆసుపత్రి వెనక పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ దొండపాదు ఉంది. భ్రమర వేళ్లని పట్టుకుని ఒక లేత నులితీగ మీద పెట్టింది.

"దీనికి కళ్లున్నాయా?"

"లేవండి."

"మరి పైకెలా పోతోంది?"

"తడుముకుంటూ... పందిరి కర్ర ఎక్కడ తగిలితే అక్కడ చుట్టుకుంటా."

"కన్ను తయారయ్యేటప్పుడూ అంతే. కణాలు రాకముందే పందిరి వేసి ఉంటుంది. లామినిన్ అని ఒక ప్రోటీను, దానికి తోబుట్టువులు ఇంకొన్ని. అవి కణాలు కావు, కణాల బయట అల్లుకుని ఉండే పోగులు. నరాలు ఆ పోగులు పట్టుకుని పాకుతూ మెదడుకి దారి వెతుక్కుంటాయి. పెద్దయ్యాక ఆ లేతపందిరి ఉండదు. నీ కంట్లో పాదు ఎండిపోయింది. కొత్త విత్తులు నాటగలను. అవి పాకడానికి పందిరి లేదు."

"గుడ్లలో ఉంటుందాండీ?"

"ఉంటుంది. వారం తిరగని పిండం కంట్లో. అది తీసి, మనిషికి పడేట్టు మార్చి చుక్కల మందు చేశాను."

భ్రమర చాలాసేపు తీగని వదలలేదు. "మరి ఆ కోడిపిల్లలు?" అంది చివరికి.

డాక్టర్ కిందికి జారిన తీగనొకదాన్ని తీసి పైకి పెట్టింది. "పుట్టవు" అంది.

ఆ తరవాత అసలు సంగతి చెప్పింది. కొత్త పాదు పెట్టాలంటే ఎండిన పాత పాదు మొత్తం పీకెయ్యాలి. అంటే ఆ కంట్లో ఉన్న గొట్టమంత వెలుగు కూడా పోతుంది. మందు పనిచేస్తే నిండు చూపు వస్తుంది. లేకపోతే ఏమీ ఉండదు. ఇప్పటిదాకా గుడ్లలోనూ కుందేళ్లలోనూ తప్ప ఎక్కడా చెయ్యలేదు.

"ముందు కుడికన్ను చేద్దాం. వదిలేసినా ఏడాదిలోగా రెండూ చీకటైపోతాయి. అది నీకు తెలుసుగా?"

భ్రమర తలూపింది. రోజురోజుకీ గొట్టం సన్నబడటం ఆమెకంటే ఎవరికి ఎక్కువ తెలుసు?

*

చీకటిగది గుడ్లగది పక్కనే. కిటికీ లేదు, రెండు తలుపులు, మధ్యలో నల్లటి తెర. కుడికంట్లో పాత పాదు తీసి కొత్త విత్తులు నాటాక, రెండు కళ్లకీ కట్టు కట్టారు. ఒక కంటికి వెలుగు తగిలినా రెండోది కదులుతుందట, పోగులు తెగుతాయట. తల కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. రోజుకి రెండుసార్లు నర్సు రూతమ్మ వచ్చి, కుడికంటి కట్టు విప్పి చుక్కలు వేసి, మందు ఇంకేదాకా కన్ను మూసి వదిలేసి పోయేది. కాసేపయ్యాక తిరిగొచ్చి కట్టు కట్టేది.

"కంటి దగ్గరికి ఏదీ రాకూడదు," అని మొదటిరోజే హెచ్చరించింది డాక్టర్. "నీళ్లు కూడా తగలకూడదు. ఈ మందు పైన వేస్తే కంటి వెనకదాకా దూసుకుపోతుంది. దాంతోపాటు అక్కడ ఏముంటే దాన్నీ మోసుకుపోతుంది."

అమ్మమ్మని గదిలోకి రానిచ్చేది ఆ కాసేపే. మిగతా పొద్దంతా భ్రమర ఒక్కతే. చెవులు తప్ప ఏం మిగల్లేదు. గోడవతల యంత్రాల హోరు. అప్పుడప్పుడు గుడ్ల అరలు పక్కకి ఒరిగే చప్పుడు. అవతలి చిన్నగదిలో అమ్మమ్మ గురక మొదలైతే రాత్రయిందని తెలిసేది, ఆగిపోతే తెల్లారిందని తెలిసేది. ఊళ్లో ఉన్నప్పుడు ఆ గురకకి తిట్టుకుంటూ చెవుల్లో గుడ్డలు కుక్కుకునేది. ఇక్కడ అదొక్కటే మనిషి చప్పుడు.

మూడోనాడో నాలుగోనాడో పొద్దున, రూతమ్మ చుక్కలు వేసి బయటికి వెళ్లగానే, అమ్మమ్మ మంచం మీదకి వంగింది. మూసిన రెప్ప మీద చల్లగా, మెత్తగా ఏదో వాలింది.

"ఏంటమ్మమ్మా అది?"

"గమ్మునుండు. నందివర్ధనం. గేటు పక్కన చెట్టుంది, విరగబూసింది. కళ్లకి చలవ. ఆ మందు మంటకి కళ్లు పేలిపోతాయే నీకు."

"డాక్టరుగారు వద్దన్నారు కదా."

"ఆవిడ నీళ్లొద్దంది. పువ్వు వద్దందా? మీ అమ్మకి కళ్లకలక వస్తే ఏం పెట్టాననుకున్నావ్? నాకు మా అమ్మ ఏం పెట్టిందనుకున్నావ్?" రేకులు ఒక్కోటీ సర్దుతూ విసుక్కుంది. "ఈ చెట్టొకటి, తుంచితే చాలు పాలు కారి చేతులన్నీ జిగురు."

ఆమె బొటనవేలు భ్రమర కణత మీద కదిలింది. గరుకుగా, కాస్త అంటుకుంటూ. పొద్దున లేచాక తొడుగు లేని మనిషి చెయ్యి ముఖాన్ని తాకడం అదే మొదలు. సాయంత్రం దాకా మళ్లీ ఉండదు. వద్దని గట్టిగా చెప్పాలని భ్రమరకి తెలుసు. రెండు మాటలు చాలు. కానీ ఆ రెండు మాటలూ అంటే ఆ చెయ్యి వెనక్కి వెళ్లిపోతుంది.

ఆమె ఏమీ అనలేదు. రూతమ్మ అడుగుల చప్పుడు వినగానే అమ్మమ్మ రేకులు తీసి కొంగున కట్టుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

*

కట్టు విప్పిన రోజున డాక్టర్ ఇందుమతి భ్రమర గడ్డాన్ని యంత్రం మీద ఆనించి చాలాసేపు చూసింది. లైటు మార్చి మళ్లీ చూసింది.

"ఏమన్నా కనిపిస్తోందా?"

"లేదండి."

"వెలుగు? ఎటువైపు నుంచి వస్తోందో?"

"లేదండి."

వరండాలో పేరంటాలమ్మ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. "ఎవరి దిష్టో నా తల్లికి. వచ్చేటప్పుడు బస్సులో ఆ పచ్చచీర ఆవిడ ఎగాదిగా చూసింది. అప్పుడే అనుకున్నా," అంటూ ఉప్పూ మిరపకాయలూ ఎక్కడ దొరుకుతాయని రూతమ్మని అడిగింది. రూతమ్మ దండం పెట్టి, "ఇక్కడ మిరపకాయలు కాల్చావంటే మా మేడమ్ నన్ను కాల్చేస్తుంది అమ్మమ్మా" అంది.

ఎడమకంటి కట్టు తీసేశారు. భ్రమర మళ్లీ తన గొట్టంలోకి వచ్చింది. వచ్చాక తెలిసింది, అది ఇంకాస్త సన్నబడిందని.

వారం రోజులు డాక్టర్ గుడ్లగది వదిలి రాలేదు. మందులోనే లోపముందేమోనని అదే సీసాలోది గుడ్లలో వేసి చూసింది. ఆ తరవాత ఒక మధ్యాహ్నం భ్రమరని పిలిపించుకుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎవరితోనైనా చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నట్టు మాట్లాడింది. ఆవిడకి కూడా ఆ గుడ్లు తప్ప మాట్లాడటానికి ఎవరూ లేరని భ్రమరకి అప్పుడనిపించింది.

"గుడ్లలో పందిరి చక్కగా వేసింది. నీ కంట్లోనూ వేసింది, మొదటి రెండురోజులూ. తరవాత ఎవరో కత్తెరతో కోసినట్టు ముక్కలైపోయింది. పచ్చిబొప్పాయి ముక్కేస్తే ముదురు మాంసం కూడా మెత్తగా ఉడికిపోతుంది, తెలుసా?"

"తెలుసండి."

"బొప్పాయి పాలలో ప్రోటీన్లని కోసే గుణం ఉంది. నీ కంట్లో దొరికింది అలాంటిదే. మనిషి ఒంట్లోది కాదు. ఏదో పాలుకారే చెట్టుది. చీకటిగదిలోకి చెట్టెక్కడిది? మందు సీసా దాటి కంట్లో పడేలోపు ఎక్కడో కలిసిందేమో. అదెలాగో తేలేదాకా ఇంక ఎవరికీ చెయ్యను. నీ ఎడమకంటికి కూడా."

పాలుకారే చెట్టు. భ్రమర కణత మీద ఆ బొటనవేలి జిగురు ఇప్పుడే తాకినట్టు చురుక్కుమంది.

గోడవతల యంత్రాలు హోరుమంటున్నాయి. చెప్పకపోతే మందు ఆగిపోతుంది, ఎడమకన్ను తనంతట తనే చీకటైపోతుంది. చెబితే ముసల్దానికి తెలుస్తుంది, మనవరాలి కన్ను తన చేతులతోనే పోగొట్టానని. అదెలాంటి మనిషంటే, కోడిపెట్ట తన కాలికింద పడి చస్తేనే మూడురోజులు ముద్ద ముట్టలేదు.

"నందివర్ధనం అండి," అంది భ్రమర. "మందు వేశాక మంటగా ఉంటే పువ్వులు పెట్టుకున్నాను. చల్లగా ఉంటుందని. నేనే."

డాక్టర్ కుర్చీ కిర్రుమంది.

"నువ్వే పెట్టుకున్నావా?"

"ఆయ్."

"రెండు కళ్లకీ కట్టుంటే, గేటుదాకా నడిచి వెళ్లి పువ్వులు కోసుకొచ్చావా?"

భ్రమర తల వంచుకుంది. గొట్టంలో తన చేతి గోళ్లు మాత్రం కనిపించాయి. డాక్టర్ లేచి అటూ ఇటూ నడిచింది. ఒకసారి కోపంగా ఊపిరి వదిలింది. బల్ల మీద ఏదో వస్తువు తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"నీకు ఇంకొక కన్నే ఉంది."

"తెలుసండి."

"మీ అమ్మమ్మకి చెబితే మళ్లీ పువ్వు పెట్టదుగా?"

"ఎందుకని అడుగుతుంది మేడమ్. మా అమ్మమ్మకి చదువు లేదుగానీ బుర్ర లేకపోలేదు. ఎందుకో చెప్పకుండా వద్దంటే తనే కనిపెట్టేస్తుంది. పువ్వు మానేసినా ఆముదమో ఇంకోటో..."

"అయితే ఆవిడ ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

"నేనే పంపించేస్తానండి. ఎందుకు పంపానో మీరు మాత్రం చెప్పకండి."

డాక్టర్ మళ్లీ కుర్చీలో కూర్చుని, "సరే" అంది.

*

అనుకున్నంత తేలిక కాలేదు. రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. మూడోసారి, పేరంటాలమ్మ తన జుట్టుకి నూనె రాస్తుండగా, ముఖం కనపడనప్పుడైతేనే అనగలనని, అనేసింది.

"అమ్మమ్మా, నువ్వు ఊరెళ్లిపో."

"ఎందుకే?"

"నీ గురక. గోడ దాటి వస్తోంది. నిద్ర పట్టట్లేదు నాకు. నిద్రలేకపోతే కన్ను అతుక్కోదంట."

జడ పాయలు తీస్తున్న వేళ్లు ఆగాయి.

"డాట్రమ్మగారు అన్నారా?"

"నేనే అంటున్నాను."

"పోనీ వరండాలో పడుకుంటాలేవే. గేటు దగ్గర పడుకుంటా. దోమలు నన్నేం చేస్తాయి, చేదు రక్తం నాది."

"వద్దమ్మమ్మా. అక్కడినుంచైనా వినపడుద్ది నీ గురక. ఊళ్లో కుక్కలే లేచి మొరుగుతాయి."

ఎప్పుడూ అయితే ఆ మాటకి ముసలావిడ పకపకా నవ్వి, "మీ తాతయ్య ఆ గురక లేకపోతే దొంగలొస్తారనేవాడే" అని తిప్పికొట్టేది. ఈసారి జడ అల్లడం పూర్తిచేసి, చివర రబ్బరుబ్యాండు వేసి, భుజం మీదుగా ముందుకు వేసింది. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. వెళ్లేముందు రూతమ్మతో, పిల్లకి పెరుగులో ఉప్పెయ్యొద్దనీ, పడుకునేటప్పుడు పాదాలు కప్పాలనీ చెప్పడం భ్రమర గుమ్మంలోంచి విన్నది. ఆమె వెళుతుంటే గొట్టంలోంచి చూసింది. తెల్లచీర అంచు, రబ్బరు చెప్పు మడమ, చేతిసంచి. ఆ మూడూ కలిపి కుట్టుకునే లోపే మలుపు తిరిగిపోయింది.

ఎడమకంట్లో ఆఖరి వెలుగుని పీకేసిన రోజు భ్రమర ఏడవలేదు. ఏడవకూడదని డాక్టర్ ముందే చెప్పింది, కన్నీళ్లు కూడా నీళ్లే కదా.

మళ్లీ చీకటిగది. గురక లేకపోయేసరికి రాత్రీ పగలూ కలిసిపోయాయి. అన్నం పెడితే మధ్యాహ్నమేమో, పాలిస్తే పొద్దున్నేమో అనుకునేది. రూతమ్మ మంచిదే, కానీ చేతులకి ఎప్పుడూ సన్నటి తొడుగులుండేవి. ఆ వేళ్లు చల్లగా, నున్నగా, ఎవరివీ కానట్టు ఉండేవి. కంటిలోపల ఏం జరుగుతోందో ఊహించుకుంటూ పడుకునేది భ్రమర. సన్నటి పోగులు. వాటిని తడుముకుంటూ పాకే గుడ్డి తీగలు. వాటికీ ఎవరూ తోడు లేరు. ముందు వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. పోగు తగిలితే ఒక అడుగు, లేకపోతే అక్కడే ఆగిపోవడం. గోడవతల పుట్టకుండానే పోతున్న కోడిపిల్లల పందిరి మీద తన తీగలు నడుస్తున్నాయి.

ఒకసారి, పగలో రాత్రో, మూసిన కంట్లో అల ఒకటి మెరిసి పక్కకి పాకిపోయింది. భయపడి కేకేసింది. డాక్టర్ పరుగెత్తుకొచ్చి, విని, మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

"పుట్టబోయే పిల్లలందరి కళ్లలోనూ వస్తాయవి," అంది. "బయట వెలుగు లేకుండానే. కన్ను తనంతట తను సాధన చేసుకుంటుంది. నీ పాదు పందిరెక్కింది భ్రమరా."

ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. వినేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

*

కట్టు విప్పిన నాడు మొదట వెలుగు మాత్రమే వచ్చింది, నీళ్లు పొంగినట్టు. రంగులు రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఆకారాలు విడిపోవడానికి ఇంకొన్నాళ్లు. డాక్టర్ రోజూ తన చేతిని పక్కకి జరుపుతూ "ఇక్కడ? ఇక్కడ?" అని అడిగేది. చెవి దాకా తీసుకెళ్లినా భ్రమరకి కనిపిస్తూనే ఉంది. లోకానికి అంచు ఇంత దూరంలో ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. తల తిప్పకుండానే ఇన్ని కనిపిస్తుంటే మొదట్లో కళ్లు తిరిగి గోడ పట్టుకునేది.

ఇంటికి తీసుకెళ్లడానికి పేరంటాలమ్మే వచ్చింది. వరండాలో సిమెంటు బల్ల మీద ఆ చివర కూర్చుంది. భ్రమర వచ్చి ఈ చివర కూర్చుని, తల తిప్పి చూసింది. ముక్కుపుడక, చెవితమ్మె, పెదవి, ముడతలు, నెరిసిన కనుబొమలు, అన్నీ ఒక్కసారిగా ఒకే ముఖంలో ఉన్నాయి. తను ఇన్నేళ్లూ కుట్టుకున్న ముఖం ఇది కాదు. ఇది చిన్నది. బాగా అలిసిపోయింది.

"కనిపిస్తున్నానా?"

"ఆ. మొత్తం."

"చాల్లే. ఏం అందగత్తెననీ." నవ్వబోయి ఆగింది. చేతులు కొంగులో దాచుకుంది. "ఇంటికెళ్లాక నేను చెరువుగట్టు మీద పాకలో పడుకుంటాను. మీ నాన్నకి చెప్పాను."

"గురక గురించి కాదమ్మమ్మా..."

"గురక కాదులే. నాకు తెలుసు." ఆమె ఎదురుగా గుడ్లగది రేకుల వైపు చూస్తూ మాట్లాడింది. "నేనున్నప్పుడు కుడికన్ను పోయింది. నేను వెళ్లిపోయాక ఎడమకన్ను వచ్చింది. చిన్నపిల్లకైనా అర్థమవుద్ది. పేరంటాలని పేరు పెట్టుకున్నారుగానీ, మీ తాత పోయాక ఒక్క పేరంటానికి పిలిచిన మొహం లేదు. అందుకే పిలవరు మరి. నేను నొచ్చుకుంటాననేగా నువ్వు గురక అని చెప్పావు? మంచిదానివి."

భ్రమర నోరు తెరిచింది. నీ రాక వల్ల కాదు అని చెప్పాలి. మరి దేనివల్ల అని అడుగుతుంది. దానికి ఉన్నది ఒకే జవాబు. ఆ జవాబు ఈ చిన్న, అలిసిన ముఖం మీద పడితే ఏమవుతుందో ఆమెకి ఇప్పుడు ఒక్కసారిగా, మొత్తంగా కనిపించింది.

"అలాంటివేం ఉండవు అమ్మమ్మా," అంది.

"నీకేం తెలుసే, పిల్లకాకివి."

ఇద్దరి మధ్యా బల్ల ఖాళీగా ఉంది. గొట్టంలోంచి చూసిన రోజుల్లో మనుషులే కనపడేవారు, మనుషుల మధ్య చోటు కనపడేది కాదు. భ్రమర మెల్లగా అటు జరిగింది, చెయ్యి అందేంత దూరం వచ్చేదాకా.

పిల్లకి కూర్చోడానికి చోటు సరిపోలేదేమో అనుకుని, పేరంటాలమ్మ ఇంకాస్త అవతలికి జరిగింది.